ఎదురు చుట్టు

రాట్నాల సాయిబు పోయాడని నాకు ధర్మవరం నుంచి హిందూపురం వచ్చే బస్సులో తెలిసింది. చెప్పినవాడు ఒక నేతమనిషి. చీరల మూట ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. పెనుకొండ దాటేదాకా వానల గురించి, పట్టు ధర గురించి మాట్లాడాడు. సోమందేపల్లిలో బస్సు ఆగితే కిటికీలోంచి ఉడకబెట్టిన శనక్కాయలు కొన్నాడు. ఒకటి ఒలిచి నా చేతిలో పెడుతూ అన్నాడు.

"ఏమప్పా శెట్టీ, మీ అంగట్లో కూచ్చుంటాండె చూడు, రాట్నాల సాయిబు. ఆయప్ప పోయినాడు, తెలుసు కదా?"

"తెలీదే. ఎప్పుడు?"

"వానల్లో. నెల దాటింది."

ఆ శనక్కాయ హిందూపురంలో దిగేదాకా నా చేతిలోనే ఉండిపోయింది.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. నెల రోజులు ఒక్కరైనా నాకు కబురు చెయ్యలేదే అని. ఆయన వస్తువు ఒకటి నా అంగట్లో, అద్దాల బీరువాలో, ఏళ్ల తరబడి ఒకరి కోసం కాచుకుని ఉంది. ఇప్పుడు దాన్ని నేనేం చేయాలి? ఆ మాట చెప్పకుండా ఎట్లా పోయాడు ఈ మనిషి? చచ్చినవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం నాకు మా నాయన పోయినప్పటి నుంచీ అలవాటే.

మాది పూజా సామాన్ల అంగడి. గంటలు, హారతి పళ్లేలు, సాంబ్రాణి, కర్పూరం. పెనుకొండ దర్గాకు పోయేవాళ్లు ఆగుతారని మా నాయన ఒక అరలో చాదర్లు, అత్తరు కూడా పెట్టాడు. సాయిబు మొదట ఎందుకు వచ్చాడో గుర్తులేదు. పట్టుగూళ్ల మార్కెట్టుకు ధర్మవరం నుంచి ఎవరితోనో వచ్చి, ఎండకు మా మెట్ల మీద కూర్చున్నాడని అనుకుంటాను. కూర్చున్నవాడు కాసేపు తల పైకెత్తి విన్నాడు. తర్వాత లోపలికి తొంగి చూశాడు.

"శెట్టీ, నీ ఫ్యాను ఏడుస్తాంది."

"అది మా నాయన కాలం నుంచీ అంతే మామా."

"మీ నాయన కాలం నుంచి ఏడుస్తాంటే ఊరికే కూచ్చున్యావా?"

గిరాకీ ఉన్నా లెక్కచేయకుండా స్టూలు వేసుకుని ఎక్కాడు. చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో ఆముదం. ఆ జేబు కింద ఎప్పుడూ అరచేయంత జిడ్డు మరక ఉండేది. ఏ చొక్కా వేసినా అక్కడే. కొత్త చొక్కా అయితే పండగ పూట సాయంత్రానికల్లా మరక వచ్చేసేది. ఫ్యాను నోరు మూసుకుంది. కిందికి దిగి, చేతులు లుంగీకి తుడుచుకుని చెప్పాడు. "తిరిగేదానికి నోరుండకూడదు శెట్టీ. నోరుండాదంటే యాడో నొస్తాందని."

ఆ మాట నేను ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. చెరుకు రసం బండి చక్రానికి చెప్పాడు. కుట్టుమిషన్‌కు చెప్పాడు. రథోత్సవానికి ముందు రథం ఇరుసు దగ్గర వంగి, చెవి ఆనించి, తనలో తాను ఇదే గొణుక్కుంటూ ఆముదం పోశాడు. ఒకసారి కదులుతున్న సైకిల్‌ను ఆపి, దాని మీదున్న గుమాస్తాను దింపి మరీ నూనె వేస్తే, ఆయన ఆఫీసుకు ఆలస్యమై నన్ను తిట్టిపోయాడు. సాయిబును ఎవరూ తిట్టేవాళ్లు కాదు. ఆయన బదులు నన్ను తిట్టేవాళ్లు.

ఆయన పని ధర్మవరంలో రాట్నాలు చేయడం. పట్టుదారాన్ని కండెలకు చుట్టే చెక్క రాట్నాలు. పుట్టింది పెనుకొండలో, దర్గా వెనక వీధిలో. దూదేకులవాళ్లు. ఇంట్లో మాట తెలుగే. చేసిన రాట్నాన్ని ఒక తిప్పు తిప్పి వదిలి, టీ గ్లాసు చేతిలోకి తీసుకునేవాడు. టీ అయిపోకముందే రాట్నం ఆగిందా, మళ్లీ విప్పాల్సిందే. ఆ టీ ఆయన తాగే తీరు చూడాలి. వేడి వేడి టీని కూడా ఊదకుండా, మెల్లగా, రాట్నానికి అన్యాయం జరగకుండా తాగేవాడు.

రాట్నం ఇచ్చాక దాన్ని వదిలేసే మనిషి కాదు. చుట్టే ఆడవాళ్ల దగ్గరికి పోయి చూసేవాడు. పోగు కండె మీద ఒక పక్కకే చుట్టుకోవాలి. కొత్తవాళ్లు మాటల్లో పడి చక్రాన్ని రెండో పక్కకు తిప్పితే అది ఎదురు చుట్టు. మగ్గం మీదికి పోయాక ఆ పోగు పట్టుకుంటుంది, తెగుతుంది. ఎదురు చుట్టు కనిపిస్తే సాయిబుకు ఎక్కడలేని కోపం వచ్చేది. "ఎదురు చుట్టినావు కదమ్మా! మగ్గంలో కూచ్చునేటోడు పొద్దంతా నిన్ను తిట్టుకుంటాడు. ఒగరి తిట్లు తలకెత్తుకునే పని యాలమ్మా మనకు?" అని, ఆ కండె లాక్కుని, మొత్తం విప్పి, తనే కూర్చుని చుట్టి ఇచ్చేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ మనిషికి వచ్చిన దుఃఖమంతా ఇక్కడి నుంచే వచ్చింది.

తొంభైలలో చలికాలం వచ్చిందంటే మా అంగడి ఎదురుగా గోడ పొడుగునా స్వెట్టర్లు అమ్మేవాళ్లు దిగేవాళ్లు. మైసూరు పక్క నుంచి వచ్చే టిబెట్ వాళ్లు. ఊరంతా వాళ్లను నేపాలోళ్లనేది. వాళ్లూ విసుగొచ్చి సరిదిద్దడం మానేశారు. వాళ్లలో ఒక అవ్వ ఉండేది. ముఖం నిండా ముడతలు, నడుముకు చారల గుడ్డ. గిరాకీతో బేరమాడేది కూతురు. అవ్వ పక్కన స్టూలు మీద కూర్చుని చేతిలో చిన్న చక్రం తిప్పుతూ ఉండేది. పిడికిట్లో పట్టుకునే కట్టె, దాని మీద రాగి డబ్బా, డబ్బాకు గొలుసుతో ఒక గుండు. లోపల ప్రార్థనలు రాసిన కాగితం ఉంటుందని, ఒక్కసారి తిప్పితే అందులో ఉన్నదంతా చదివినట్టేనని ఆమె కూతురు నాకు కన్నడంలో చెప్పింది. అప్పుడు నేను నవ్వాను. నోరు నొప్పి లేకుండా పుణ్యం, భలే ఉందే అన్నాను.

సాయిబు నవ్వలేదు. ఆ చక్రం కేసి, అది గాలిలో గుండును తిప్పుకుంటూ పోయే తీరు కేసి, చాలాసేపు చూశాడు. "నోరు లేదు శెట్టీ దానికి" అన్నాడు మెల్లగా. అంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదు.

ఒకరోజు పొద్దున అవ్వ చేతిలోంచి చక్రం జారి రోడ్డు మీద పడింది. ఎవరిదో సైకిల్ దాని మీదుగా పోయింది. డబ్బా నొక్కుకుపోయి, కదురు వంగి, మూత ఊడి, లోపలి కాగితం చుట్ట కొళాయి నీళ్ల మడుగులోకి దొర్లింది. అవ్వ అరవలేదు. ఆ చుట్టను తీసి గుండెలకు ఒత్తుకుని నిలబడిపోయింది. మా మెట్ల మీది నుంచి సాయిబు లేచిపోయాడు.

"ఇట్ల తే అవ్వా. భయపడొద్దు. నేను చేస్తా."

ఆమెకు తెలుగు రాదు. అయినా ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం మా అంగడి గడప దగ్గర జరిగింది నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. కాగితాన్ని పొర పొరగా విప్పి, నా దగ్గరున్న కొత్త చాదర్ మీదనే పరిచి ఆరబెట్టాడు. ఆ చాదర్ మళ్లీ అమ్ముడుపోలేదు. అక్షరాలు చీమల బారులాగా సన్నగా, కాగితం పొడుగునా. వంగిన కదురు తీసేసి తన సంచిలోంచి రాట్నం కదురు ఒకటి తీసి, అరగదీసి, అమర్చాడు. డబ్బా నొక్కు లోపలి నుంచి చెక్కతో కొట్టి తీశాడు. తర్వాత కాగితాన్ని చుట్టడం మొదలుపెట్టాడు. ఎక్కడా వదులు లేదు, అంచు అంచుతో కలిసిపోతోంది. అవ్వ ఎదురుగా స్టూలు వేసుకుని ఆయన వేళ్లనే చూస్తోంది. మధ్యలో ఒకసారి చెయ్యెత్తి ఏదో అనబోయింది. సాయిబు తలెత్తలేదు. పెదాలు కదులుతున్నాయి, తనకు తెలిసిన దువా ఏదో చదువుకుంటున్నాడు. అవ్వ చెయ్యి దించేసింది.

చక్రం తిరిగింది, సడి లేకుండా. అవ్వ లేచి వంగి తన నుదురు ఆయన నుదుటికి ఆనించింది. సాయిబు సిగ్గుపడిపోయాడు, టోపీ సర్దుకున్నాడు. ఆమె కుప్పలోంచి చేతుల్లేని ఎర్రటి స్వెట్టరు ఒకటి తీసి ఆయన భుజాన వేసింది. ఆ చలికాలమంతా, మా ఊళ్లో అంత చలి లేకపోయినా, చెమటలు కక్కుతూ ఆ స్వెట్టరులోనే తిరిగాడు.

ఆ తర్వాతి ఏడాది ఆయనకు పండగ. కరెంటు మోటార్లు వచ్చి రాట్నాలు అడిగేవాళ్లు తగ్గారు, చేతులు ఖాళీగా ఉన్నాయి. "గుడికి గంట ఇస్తారు, దర్గాకు చాదర్ ఇస్తారు. నేను చక్రం ఇస్తా శెట్టీ" అని బయల్దేరాడు. చెక్కతో, రాగిరేకుతో అవ్వ చక్రం లాంటివే పెద్దవి చేసి, గోడకు బిగించేవి, పోయేవాళ్లు వచ్చేవాళ్లు ఒక చెయ్యి వేసి తిప్పేవి, అన్ని దేవుళ్లకూ పంచాడు. ఆంజనేయస్వామి గుడివాళ్లు కాదనలేక తీసుకుని పాత గొడుగుల గదిలో పెట్టారు. చర్చిలో పాస్టరుగారు సంతోషంగా తీసుకుని, అందులో వాక్యాల చీటీలు వేసి ఆదివారం పిల్లల పోటీకి వాడుకున్నారు. పెనుకొండ దర్గా చూసుకునే ముజావర్ మాత్రం వాకిట్లో బిగించనిచ్చాడు. "తిప్పేది పిల్లోల్లే లే, తిప్పనీ. వాళ్ల దువా చిన్నదా?" అన్నాడట. ఆ మాట సాయిబు నాకు పదే పదే చెప్పుకున్నాడు.

చలికాలం మళ్లీ వచ్చింది. స్వెట్టర్లవాళ్లు వచ్చారు గానీ అవ్వ, ఆమె కూతురు రాలేదు. వాళ్ల చోటులో వేరే కుర్రవాడు దుకాణం పెట్టాడు. వాళ్ల టిబెట్ వాళ్లలోనే ఇంకో ఊరివాడట. సాయిబు అతన్ని పలకరించి, అతని దగ్గరున్న చేతిచక్రం కూడా చూస్తానని తీసుకున్నాడు. అది కొద్దిగా గీరుకుంటోంది, నూనె వేయాలని. మూత విప్పాడు.

నేను గల్లా దగ్గర ఉన్నాను. ఎంతసేపటికీ ఆయన మాట వినపడకపోతే తల తిప్పి చూశాను. మూత ఒక చేతిలో, చక్రం ఒక చేతిలో. ముఖంలో రక్తం లేదు.

"ఏమైంది మామా?"

"ఇది ఇట్ల చుట్టుండాది శెట్టీ" అన్నాడు. వేలితో గాలిలో చుట్టి చూపించాడు. తర్వాత రెండో చేత్తో దానికి ఎదురుగా చుట్టి చూపించాడు. "నేను అవ్వది ఇట్ల చుట్టినా."

మగ్గానికి ఎట్లా చుడతారో అట్లా చుట్టాడు. ఆలోచించి చేసింది కాదు. జీవితమంతా ఆ పక్కకే తిరిగిన చేతులు, వాటికవే తిరిగాయి. వాళ్ల లెక్కలో అది ఎదురు చుట్టు.

కుర్రవాడిని అడిగాడు, అట్లా చుడితే ఏమవుతుందని. వాడికి సగం హిందీ, పావు కన్నడం. నవ్వి, "నాకేం తెలుసు, గురువుగారికి తెలియాలి" అన్నాడు. అవ్వ ఎక్కడుంటుందో తెలుసా అంటే, పేరేమిటని అడిగాడు. సాయిబు నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. పేరు మా ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అవ్వ, అంతే. "మా దగ్గర అందరూ అవ్వలే" అన్నాడు కుర్రవాడు, పాపం, వేళాకోళానికి కాదు.

నాకైతే ఇదంతా పిచ్చిగా అనిపించింది, అదే అన్నాను. సాయిబు నా మాట చెవిన పెట్టలేదు. కనిపించిన పెద్దలందరినీ అడుగుతూ తిరిగాడు. చదివేది వెనక నుంచి ముందుకు పోతే దేవునికి చేరుతుందా లేదా అని. మా వీధి పూజారి ఒకాయన, నా దగ్గరే సాంబ్రాణి కొనే మనిషి, గడ్డం నిమురుకుంటూ, "మంత్రం తిరగేస్తే ఆపద సాయిబూ. అది తిరగేసినోళ్లకే కాదు, ఎవరి పేరున తిరుగుతుందో వాళ్లకూ కీడే" అన్నాడు. ఆయనకు ఏం తెలిసి అన్నాడో ఆ దేవుడికే తెలియాలి. ఆ తర్వాత ఏడాది పాటు ఆయనకు పాత సాంబ్రాణే కట్టించాను. కానీ ఏం లాభం? దర్గా ముజావర్, "అబ్బీ, రాసినోని మనసు దేవునికి తెల్దా" అన్నాడు. పాస్టరుగారు కూడా అట్లాంటిదే అన్నారు. నేను వంద రకాలుగా అన్నాను. ఇన్ని మంచి మాటల మధ్య సాయిబు ఆ ఒక్క చెడ్డ మాటనే పట్టుకున్నాడు.

"అవ్వ రాలేదు చూడప్పా" అన్నాడు. "ఏమన్నా అయ్యిందేమో. ఏడాదంతా తిప్పింటుంది కదా. పొద్దుమాపులూ తిప్పింటుంది."

ఎర్ర స్వెట్టరు విప్పేశాడు. ఇంక వేసుకోలేదు.

ఆ వానాకాలం నేను ధర్మవరం పోయినప్పుడు ఆయన ఇంటికి వెళ్లాను. అవ్వ కోసం కొత్త చక్రం చేస్తున్నాడు. కట్టె నల్లతుమ్మది, పిడి అరచేతిలో ఇమిడిపోయేట్టు నున్నగా ఉంది. రాగిరేకు మీద పని మా హిందూపురం పాత్రల వాళ్లు చేసిందే. లోపల ఏం పెడతావు, వాళ్ల అక్షరాలు నీకు రావు కదా అన్నాను.

"నాకు ఏ అక్షరాలూ రావప్పా. చుట్టేది ఒగటే వచ్చు."

రంగు వేయని పట్టుపోగు చుడుతున్నాడు. కాగితం బదులు పోగు. ఈసారి వాళ్ల పక్కకు. ఆయన భార్య, అత్తా అని పిలుస్తాను నేను, తలుపు చాటు నుంచి నాకు సైగ చేసింది. బయటికి వెళితే గొంతు తగ్గించి చెప్పింది. "ఒగటే పోగు కావల్లంట నాయనా. మధ్యలో ముడి ఉండకూడదంట. తెగితే మళ్లా మొదుట్నించి. పొద్దస్తమానం ఇదే. అన్నం పెడితే తినడు. నువ్వన్నా చెప్పప్పా."

నేను చెప్పాను. ఎందుకు మామా, ముడి వేస్తే ఏం పోయింది, నేతలో వేయరా అన్నాను.

"నేతలో ఏస్తారు. అది చీర. ఇది ఆయమ్మకు." చేతులు ఆపలేదు. వాటికి ఆ పక్కకు తిరగడం రావడం లేదు. చుట్టుకు చుట్టుకు ఆగి, చూసుకుని, చుడుతున్నాడు. నూరేళ్లు నడిచిన దారిన వెనక్కి నడవమన్నట్టు ఉంది ఆయన వేళ్లకు. పోగు తెగింది. మొత్తం విప్పడం మొదలుపెట్టాడు.

చలికాలానికి అది నా అంగటికి వచ్చింది. అద్దాల బీరువాలో దీపపు సెమ్మెల మధ్య పెట్టించుకున్నాడు. కుర్రవాడి చేతికిచ్చి పంపిద్దామంటే ఒప్పుకోలేదు. "నా చేత్తో ఇయ్యల్ల. తప్పయ్యింది అవ్వా అని చెప్పల్ల" అన్నాడు. ప్రతి చలికాలం వచ్చేవాడు. మెట్ల మీద కూర్చుని ఎదుటి గోడకేసి చూసేవాడు. గోడ దగ్గర ముఖాలు మారేవి. అవ్వ లేదు. పోయేటప్పుడు బీరువా తెరిపించి, ఒక చుక్క ఆముదం వేసి, ఒక తిప్పు తిప్పి వెళ్లేవాడు.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక ఉరుసుకు నేను చాదర్లు, ఊదుబత్తీలు తీసుకుని పెనుకొండ పోయాను. గంధం ముగిసిన మర్నాడు పొద్దున, జనం పలచగా ఉన్నారు. దర్గా గేటు బయట చెప్పుల పక్కన సాయిబు కూర్చుని ఉన్నాడు.

"రా మామా, లోపలికి పోదాం."

"నువ్వు పోయి రాప్పా. చెప్పులు నేను చూసుకుంటా."

శెట్టిని నేను లోపలికి, సాయిబు ఆయన బయట. ఏం పద్ధతి ఇది అని ఎగతాళి చేశాను. ఆయన చెప్పులు జతలుగా సర్దుతున్నాడు. ఇంతలో ముజావర్ బయటికి వచ్చాడు. ఆయనకు ఈ సంగతి పాతదే అని ముఖం చూస్తేనే తెలిసింది. "ఇంకా ఎన్నాళ్లబ్బా? రా లోపలికి. దేవునికి ముందూ ఎనకా ఉంటాదా?" అన్నాడు.

"దేవునికి లేదు సామీ. చుట్టేటోనికి ఉంటాది" అన్నాడు సాయిబు. "ఒగరి మొక్కు చెడగొట్టినోన్ని. ఆయమ్మ చేతికి ఇది ఇచ్చినంక నడిచి వస్తా. అందాక ఈడనే."

పుట్టి పెరిగిన దర్గా. ఆ గేటులోంచి పాకుతూ వెళ్లిన మనిషి. వాకిట్లో ఆయన బిగించిన చక్రం బయటికే కనిపిస్తోంది, పిల్లలు తిప్పుతున్నారు, కీచుమంటోంది. ఎవరూ నూనె వేయడం లేదు. ఆయన వింటున్నాడు, డబ్బా జేబులోనే ఉంది, లేవలేదు. ఆ రోజు నాకు ఆయన మీద జాలి కాదు, ఒళ్లు మండింది. చెయ్యి పట్టుకుని లాగాను కూడా. ఎముకల మనిషి, కదల్లేదు.

అట్లాంటి మనిషి వానల్లో పోయాడు. జ్వరమట. నేతమనిషి అంతకంటే చెప్పలేకపోయాడు.

ఆ చలికాలమే వచ్చింది ఒక అమ్మాయి. పాతికేళ్లుంటాయి. వాళ్ల అమ్మ గోడ దగ్గర స్వెట్టర్లు సర్దుతోంది, తలంతా నెరిసింది, నేను గుర్తుపట్టలేదు. అమ్మాయి మా మెట్లెక్కి కన్నడంలో అడిగింది. ఇక్కడ టోపీ పెట్టుకున్న తాత ఒకరు కూర్చునేవారట, ఉన్నారా అని. సంచిలోంచి ఒక చక్రం తీసింది. రాగి డబ్బా, దాని మీద నొక్కు తీసిన చోట అచ్చు. తిప్పింది. కీచుమంది.

"అమ్మమ్మ చెప్పింది. ఇది ఎప్పుడు చెడినా ఈ తాత దగ్గరికే తీసుకుపొమ్మని."

నేను కుర్చీలోంచి లేచాను. లేచి ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాను. తాత లేడని చెప్పాను. అమ్మమ్మ?

ఆమె కూడా లేదు. చక్రం బాగుచేయించుకున్న చలికాలం తర్వాత కాళ్లు పడిపోయి, కొన్నేళ్లు మంచంలోనే ఉండి పోయిందట. ఆమెను వదల్లేక వీళ్లు దగ్గర ఊళ్లలోనే అమ్ముకున్నారు, ఇటు రాలేదు. మంచంలో కూడా ఇదే తిప్పేదట.

అప్పుడు నేను అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేదేమో. లోపలి కాగితం ఎదురు చుట్టి ఉందని మీకు తెలుసా అన్నాను.

అమ్మాయి నవ్వింది. "తెలుసు కదా. అమ్మమ్మ ఎదురుగా కూర్చునే చూసిందట. చెప్పబోయి ఊరుకున్నానని నవ్వుతూ చెప్పేది. మా గురువుగారు విప్పి మళ్లీ చుట్టిస్తానంటే ఒప్పుకోలేదు. ఆయన దేవుడి పేరు చెప్పుకుంటూ చుట్టాడు, విప్పితే అది పోతుంది, ఇట్లాగే ఉండనీ అంది."

నేను బీరువా తెరిచాను. సాయిబు చక్రం తీసి ఆ అమ్మాయి చేతికి ఇచ్చాను. ఇన్నేళ్లు ఎందుకున్నదో, ఎవరి కోసమో చెప్పాను. లోపల ఏముంది అంది. దారం, ఒకటే పోగు, ముడి లేదు అన్నాను. వాళ్ల అమ్మను పిలిచింది. ఆమె వచ్చి దాన్ని నుదుటికి ఆనించుకుంది. మా గుడిలో పెడతాం, అందరూ తిప్పుతారు అంది. తిప్పి చూసింది. దానికి సడి లేదు. తర్వాత వాళ్ల పాత చక్రం నేను తీసుకున్నాను. సాయిబు డబ్బా ఒకటి బీరువా మూలన ఉండేది. అడుగున కొంచెం ఆముదం ఉంది. ఒక చుక్క వేసి ఇచ్చాను. అది కూడా నోరు మూసుకుంది. నాకు ఏడుపు అప్పుడు వచ్చింది. అంగడి కట్టేశాను.

మర్నాడు పొద్దున బస్సుకే ధర్మవరం పోయాను. అత్త వాకిట్లో కూర్చుని ఎవరికో కండెలు చుడుతోంది, మోటారు మీద. నన్ను చూసి ఆపింది. వచ్చినారు అత్తా, ఇచ్చినా అని చెప్పాను. అవ్వకు మొదటి నుంచీ తెలుసునని, విప్పనియ్యలేదని, నవ్వేదని, అన్నీ చెప్పాను. ఆమె విన్నది. లోపలికి పోయి ఎర్ర స్వెట్టరు తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. మడత చెదరలేదు, జేబు లేని బట్ట గనక నూనె మరక కూడా లేదు.

"నవ్వేదంటనా?" అంది.

"అవునత్తా."

స్వెట్టరు మడత విప్పి మళ్లీ వేసింది. ఏదో ఒకటి మాట్లాడాలని, మామను ఎక్కడ పెట్టారని అడిగాను.

"పెనుకొండలోనే నాయనా. దర్గా ఎనక, మావాళ్లందరినీ పెట్టేది ఆడనే కదా. నమాజు దర్గా వాకిట్లోనే చదివినారు."

"లోపలనా?"

"లోపలనే." స్వెట్టరును అరచేత్తో రాసింది. "వద్దు, నేను నడిచి వస్తానని చెప్పేదానికి నోరు లేదు కదప్పా ఆయప్పకు ఆ పొద్దు. నలుగురు మోసుకొని పోయినారు."